ఆరు వేళ్ళ కొరత

“ఆ పంది నీ మీదికి తిరుక్కునిందంటే యాడికి పోతావు నాయనా?”

ఉగాది ఇంకా పన్నెండు రోజులుంది. వేట ఆ తర్వాత మూడోనాడు. మా మహానంది అప్పటికి అటక మీదినుంచి వాళ్ళ నాయన విల్లును దించనైనా లేదు. జొన్నరొట్టె తుంచి ఊరిమిండి పచ్చడి అద్దుకుంటూ నా వైపు చూసి నవ్వాడు.

“గుట్టెక్కుతాలేమ్మా.”

“గుట్ట దూరముంటే?”

“చెట్టెక్కుతా.”

“చెట్టు లేకపోతే?”

“అప్పుడు నిన్ను పిలుస్తా. నిన్ను చూస్తే పందే పారిపోతాది.”

గోడ అవతలినుంచి పక్కింటి మద్దమ్మ పకపకా నవ్వింది. “హంపక్కా, పోయినేడు వాడు కర్నూలికి పోతే బస్సు తుంగభద్రలో పడతాదని మూడు దినాలు కూడు తినకపోతివి. ఆ బస్సు తుంగభద్ర దిక్కే పోల్యా!”

నవ్వేవాళ్ళు నవ్వనీ. నాకు ఉన్నది ఒక్క కొడుకు. వాడి నాయన చిన్న ఈరన్న జ్వరంతో మూడు రోజుల్లో పోయి నాలుగేళ్ళయింది. ఆ జ్వరం మొదటిరోజు నేను భయపడితే కూడా అందరూ ఇట్లాగే నవ్వారు.

కర్నూలు కొత్తగా రాజధాని అయి, కచేరీలన్నీ గుడారాల్లో నడుస్తున్న ఏడాది అది. ఓర్వకల్లు అవతల రాళ్ళగుట్టల వెనక ఉన్న మా ఊరికి మాత్రం రాజధాని వచ్చినా పోయినా ఒకటే. మా బోయ ఇండ్లు ఇరవైమూడు. ప్రతి ఇంటికీ ఒక విల్లు. ఉగాది దాటిన మూడోనాడు ఇంటికొక మగవాడు ఆ విల్లుతో వేటకు పోవాలి. తప్పెటలు కొట్టేవాళ్ళు పొదల్లోనుంచి పందుల్ని తరుముకొస్తారు. రెండు రాతిగుండ్ల మధ్య ఇరుకు సందులోనుంచి అవి బయటపడతాయి. విల్లు పట్టినవాళ్ళు ఆ సందుకు ఎదురుగా, పదిహేను అడుగుల దూరంలో వరసగా నిలబడతారు. సందుకు నేరుగా నిలబడేవాడిది మొదటి అమ్ము, అంటే మొదటి బాణం. అతడి తర్వాతే మిగతావాళ్ళు వదలాలి.

అమ్ము లోతుగా దిగితే పంది పది అడుగుల్లో పడిపోతుంది. పైపైన గుచ్చుకుంటే మాత్రం అది పారిపోదు, కొట్టినవాడిని వెతుక్కుంటూ వస్తుంది. రెండేళ్ళ కింద మద్దమ్మ మరిదికి తొడ మోకాలిదాకా చీలింది. అతని అమ్ము గురి తప్పలేదు, సరిగ్గా తగిలింది. రెండు వేళ్ళ లోతు దిగింది, అంతే.

వేటకు మనిషిని పంపని ఇంటిని మావాళ్ళు ‘విల్లు లేని ఇల్లు’ అంటారు. ఆ ఇంటి మగవాడికి చావిడిలో మాట ఉండదు. మొగుడు పోయిన ఇల్లని మాకు మూడు వేటలు వదిలిపెట్టారు. ఈసారి ఇక తప్పదు. తప్పినా మహానంది ఊరుకోడు. ఇరవైరెండేళ్ళవాడు, వాడికి ఆ వరసలో నిలబడాలని ఎంత ఆశో నాకు తెలుసు.

మరుసటిరోజు వాడు విల్లు దించి, అల్లెతాడు కట్టి, కళ్ళంలో పాత గోనెసంచికి కొట్టడం మొదలుపెట్టాడు. వేరుశెనగ బుడ్డల పొట్టూ తడిమన్నూ కూరిన సంచి అది. వాడి నాయన ఉన్నప్పుడు కూడా అదే దూరంనుంచి అట్లాంటి సంచికే కొట్టేవాడు. ఆయన అమ్ము జానెడు లోపలికి పోయేది. లాగడానికి నేను తంటాలు పడేదాన్ని. మహానంది అమ్ములు నాలుగు వేళ్ళు దిగి ఆగిపోతున్నాయి. నేను రెండు వేళ్ళతో పట్టి లాగితే ఊడి వచ్చేస్తున్నాయి.

“బాగా లాగుతాండావా?”

“చూడు, పోగుకు తగులుతాంది గదా.”

మావాళ్ళకు అదే గుర్తు. అల్లెతాడు మగవాడి చెవిపోగుకు తగలాలి. తగిలితే విల్లు నిండుగా లాగినట్టు. నేను పక్కకు పోయి నిలబడి చూశాను. తాడు పోగుకు తగులుతున్న మాట నిజమే. కానీ తాడు చెవి దగ్గరికి రావడం లేదు, చెవే తాడు దగ్గరికి పోతోంది. వాడు మెడ ముందుకు చాపి, తలను తాడుకు అందిస్తున్నాడు.

వాడు మోసం చేయడం లేదు. పోగుకు తగలాలని చిన్నప్పటినుంచి విన్నాడు, ఎట్లాగో తగిలిస్తున్నాడు.

నేను పొయ్యి పక్కన పడి ఉన్న జొన్నదంటు తెచ్చాను. “ఈ మొదలు రొమ్ముకు ఆనించుకొని రెండు చేతులూ ముందుకు చాపు.”

“ఏందమ్మా, నాకు చొక్కా కుట్టిస్తావా?”

“కుట్టిస్తా. చాపు.”

వాడి వేళ్ళ కొసల దగ్గర దంటును కొడవలితో కోసి, వాళ్ళ నాయన అమ్ము పక్కన పెట్టి చూశాను. ఆయన చేతికి కొలిచి చేయించుకున్న అమ్ము అది. కొసన ఇనుప ములికి వదిలేసి చూస్తే వాడి దంటుకన్నా ఆరు వేళ్ళు పొడుగుంది. మా ఆయన మనిషి పొడుగు, చేతులు మోకాళ్ళకు అందేవి. మహానందికి నా పోలిక వచ్చింది.

వేటకు పెద్ద మా బావ దేవేంద్రప్ప. మా ఆయనకు అన్న. మా ఇండ్లలో ఆడది మొగుడి అన్న ముందు నిలబడి మాట్లాడదు. మాట్లాడాలంటే తలుపు చాటునుంచి ఎవరితోనైనా చెప్పించాలి. నేను పోయి తలుపు చాటున నిలబడి మా తోడికోడలు మహాదేవమ్మను పిలిచాను. బావ రెండడుగుల దూరంలో మంచం మీద కూర్చుని ఆకూవక్కా నములుతున్నాడు.

“అక్కా, బావతో చెప్పు. ఆ విల్లు వాని చేతికి పెద్దదైతాండాది.”

“ఆమెతో చెప్పు,” అన్నాడు బావ అక్కతో, “విల్లు పెద్దది కాల్యా, వాని చేతులు పొట్టివి. ఆమె పుట్టింటోల్ల చేతులు. కుండ అడుగున ఉండే సంగటి కూడా అందదు ఆ చేతులకు.”

“వింటివి గదా, మళ్ళీ నేనెందుకు చెప్పల్ల?” అంది మహాదేవమ్మ జొన్నలు చెరుగుతూ.

“అక్కా, అమ్ము లోతుకు దిగడం ల్యాదని చెప్పు.”

“ఇంకా గట్టిగా లాగమని చెప్పు.”

“గట్టిగా లాగేదానికి బలముండాది. చెయ్యి అయిపోయినాక ఇంగ యాడికి లాగుతాడో అడుగు.”

బావ ఉమ్మివేసి వచ్చి, అక్కవైపు చూస్తూనే అన్నాడు: “ఆ విల్లు మా నాయన పట్టింది. మా తమ్ముడు పదారేండ్లు పట్టినాడు. ఆ ఇంటి విల్లు అదే. తాడు పోగుకు తగిలితే వాడు వేటగాడు. తగలకపోతే రోకలి పట్టుకొని ఆమె పక్కన కూచోమను. అంతే, చెప్పు.”

అక్క చాట ఒకసారి గట్టిగా తట్టింది.

నేను ధైర్యం గలదాన్ని కాదు. పిల్లి ఎదురొస్తే వెనక్కి తిరిగేదాన్ని. కానీ మా ఆయన జ్వరంనాడు ‘ఏం కాదులే’ అన్నవాళ్ళ మాట విని ఊరుకున్నాను. ఇంకోసారి ఊరుకోను.

ఇంటికి వచ్చి పాత విల్లూ అమ్మూ జొన్నదంటూ తీసుకుని గాబ్రియేలు ఇంటికి పోయాను. వెదురుతో గంపలు, తడికెలు అల్లేవాడు. వాళ్ళ నాయన కాలంనుంచీ మా ఊరి విండ్లు చెక్కేది ఆ ఇంటివాళ్ళే. మాట వినగానే ఆయన విల్లు నడుమును వాకిట్లో దూలానికి తాడుతో కట్టి వేలాడదీశాడు. అల్లెతాడు నడిమధ్యన కొక్కెం తగిలించి, కొక్కేనికి సంచి కట్టి, అందులో ఒక్కొక్క తూకం రాయీ వేస్తూ పోయాడు. తాడు కిందికి సాగుతూ వచ్చింది. మా ఆయన అమ్ము పొడుగుకు దిగేసరికి సంచిలో రెండు మణుగులున్నాయి.

“ఇది ఈరన్న లాగే బిగువు,” అన్నాడు. తర్వాత రాళ్ళు తీసి, నా జొన్నదంటు పక్కన పెట్టి మళ్ళీ మొదటినుంచి వేశాడు. దంటు కొసకు తాడు దిగేసరికి ఒకటిన్నర మణుగే.

“సగం మణుగు, నాలుగు వీసెలు యాడికి పాయ గాబ్రియేలన్నా?”

“యాడికీ పోల్యాదమ్మా. ఆ ఆరు వేళ్ళలో ఉండాది. పిల్లోడు ఆడిదాకా పోలేడు.”

“అయితే దీన్నే కోసి చిన్నది చెయ్యి.”

“కోస్తే బిగుస్తాది, నిజమే. పాత వెదురమ్మా ఇది. వాని చేతిలోనే పగులుతాది.” ఆయన అటక మీదికి చేయిచాపి, పొగకు ఎర్రబారిన వెదురుబద్ద ఒకటి తీశాడు. “ఇది రెండేండ్లనుంచి ఎండుతాండాది. జానెడు పొట్టిగా, నడుమున మందంగా చెక్కుతా. అమ్ములు కూడా వాని కొలతకే చేస్తా.”

“వాడు లాగినంతకే రెండు మణుగుల బిగువొస్తే చాలునా?”

“చాలదు. తాడు అమ్మును నెట్టే దూరం తగ్గింది గదా. దూరం తగ్గితే తోపు పెరగల్ల. ఇంకో రెండు వీసెలు ఎక్కువ పెడతా.”

“లాగగలడా?”

“బుడ్డల మూట ఎత్తి బండికేసేవాడు ఇది లాగలేడా?”

“విరిగి కంట్లో గుచ్చుకుంటే?”

గాబ్రియేలు బద్దను కింద పెట్టి నా ముఖంలోకి చూశాడు. “నువ్వు దేనికి భయపడవో అది చెప్పమ్మా, తొందరగా అయిపోతాది.”

ఎనిమిదో రోజుకు విల్లు తయారైంది. మహానంది దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. కళ్ళంలోకి పోయి మెడ చాపకుండా లాగి వదిలాడు. అమ్ము సంచిలోకి జానెడు దిగింది. నేను రెండు చేతులతో పట్టుకుని, కాలు సంచికి తన్నిపెట్టి లాగితే కానీ రాలేదు. వాడి ముఖం వెలిగిపోయింది. వెంటనే ఆరిపోయింది కూడా.

“తాడు నా గడ్డం దగ్గరే ఆగిపోతాందమ్మా. పోగుకు తగలదు. పెద్దనాయన ఒప్పుకోడు. వరసలోనుంచి బయటికి తోసేస్తాడు.”

“తోసేస్తే తోసేయనీ. ప్రాణముంటాది.”

“ప్రాణముంటాది, మాట ఉండదు. విల్లు లేని ఇల్లంటారు.”

“పంది వచ్చి పోగు చూసి పోతాదా రా?”

వాడు కొత్త విల్లును గోడకు తగిలించి వెళ్ళిపోయాడు. ఉగాదినాడు ఓళిగ పెట్టినా తలెత్తలేదు.

వేటకు ముందురోజు పొద్దున ఇండ్లలో విండ్లన్నీ చావిడికి తేవాలి. ఒక్కొక్కడూ పెద్దల ముందు తాడు లాగి పోగుకు తగిలించి చూపాలి. దేవేంద్రప్ప బావ ఆ వింటికి పసుపు పూసి, వరసలో చోటు చెప్తాడు. పసుపు పూసిన విల్లు తప్ప వేరేది గుట్టకు తీసుకుపోకూడదు. నేను పేడకళ్ళు ఎత్తి వచ్చేసరికి మహానంది లేడు. అటక మీద పాత విల్లు లేదు. కొత్తది గోడకు అట్లాగే వేలాడుతోంది.

నేను దాన్ని దించి చేత పట్టుకున్నాను. వీధిలో మద్దమ్మ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

“అయ్యో, పట్టుకుంటివా! ఉగాది పోయినాక వేటయ్యేదాకా ఆడోల్లు విల్లు ముట్టగూడదక్కా!”

“నీళ్ళు మొయ్యొచ్చు, మూటలు మొయ్యొచ్చు, ఇది మొయ్యగూడదా? మీ ఇంట్లో బుడ్డలు తూచే రాళ్ళుండాయి గదా, అవి గంపకెత్తి నెత్తిన పెట్టుకో. కొక్కెం, తాడూ తీసుకో. నాతో రా.”

“మా ఆయన చంపుతాడు.”

“మీ మరిది తొడ కుట్టేప్పుడు దీపం పట్టుకున్నది నువ్వే గదా?”

మద్దమ్మ నన్ను ఒక్క క్షణం చూసి లోపలికి పోయింది. గంపతో వచ్చింది.

మేం చావిడి చేరేసరికి మహానంది వంతే నడుస్తోంది. మెడ చాపాడు, తాడు పోగుకు తగిలింది. “శబాష్! ఈరన్న కొడుకే!” అన్నారు ఎవరో. దేవేంద్రప్ప బావ పసుపు గిన్నెలో వేలు ముంచాడు.

“ఆగు బావా,” అన్నాను.

పెళ్ళయి వచ్చి ఇరవైనాలుగేళ్ళయింది. ఆయనతో నేను నేరుగా అన్న మొదటి మాట అది. తల మీది కొంగు సరిచేసుకుని ముందుకే పోయాను.

“ఏందమ్మా, రోకలి అనుకొని విల్లు తెస్తివా?” అన్నాడొక ముసలాయన. నలుగురు నవ్వారు.

“విల్లేనప్పా. నీ మాదిరి కండ్లు పోయినోల్లకు రోకలి మాదిరి కనపడతాదేమో.”

ఈసారి నలభైమంది నవ్వారు. బావ నవ్వలేదు. “చావిడికి ఆడది ఆయుధం పట్టుకొని రావడం మన ఊళ్ళో ల్యాదు,” అన్నాడు, నా వైపు కాకుండా స్తంభంవైపు చూస్తూ.

“ఇప్పుడుండాది. ఆ రెండు విండ్లూ తూకమేయండి. వాని చేతికి ఎంత అందుతాదో అంత దూరం లాగితే ఏది ఎంత బిగువో అందరి ముందరా తేలనీ. అది చూసినాక నువ్వు ఏది పెట్టమంటే దానికి పసుపు పెట్టించుకుంటాడు. ఎవరైనా దూలానికి తాడు కట్టండప్పా.”

ఎవరూ కదలలేదు. “మీకు చాతగాకపోతే నేనే ఎక్కుతా,” అని గంపలోని తాడు అందుకుని అరుగు మీద కాలుపెట్టాను. అప్పుడు మహానంది నా చేతిలోని తాడు తీసుకున్నాడు. నా ముఖం చూడలేదు. పైకెక్కి, వాళ్ళ నాయన విల్లును దూలానికి కట్టి, కొక్కెం తగిలించాడు. నేను రొమ్ముదగ్గర దాచుకున్న జొన్నదంటు తీసి పక్కన పట్టుకున్నాను. మద్దమ్మ రాళ్ళు అందిస్తూ గట్టిగా లెక్క చెప్పింది. పాత విల్లు దంటు కొసకు దిగేసరికి ఒకటిన్నర మణుగు. తర్వాత కొత్తది కట్టాడు. రెండు మణుగులు వేసినా తాడు దంటు కొసకు రాలేదు. మద్దమ్మ ఇంకో రెండు వీసెలు వేసింది. వచ్చింది.

“తూకమేసేదానికి ఇవి బుడ్డలా?” అన్నాడు ఆ ముసలాయనే.

“బుడ్డలకైతే ఒక్క వీసె తగ్గినా తక్కెడ విరగ్గొడతారు. నా కొడుకు చేతిలో నాలుగు వీసెలు తగ్గితే ఎవరికీ నోరు లేవదా?”

నేను బావ ముందుకు పోయి నిలబడ్డాను. “ఆ పాత విల్లుతో నిలబెడితే వాని అమ్ము పైపైనే గుచ్చుకుంటాది. పంది వాని మీదికే వస్తాది. ఈ కొత్త విల్లుతో నిలబెడితే దిగుతాది. తాడు మాత్రం పోగుకు తగలదు. మహానందీ, లాగి చూపించు వీళ్ళకు.”

వాడు మెడ నిటారుగా పెట్టి కొత్త విల్లు లాగాడు. తాడు గడ్డం దగ్గర ఆగింది. వెదురు కిర్రుమంది. చావిడిలో అందరికీ వినిపించింది.

“వేటకు పెద్దవు నువ్వు. ఏ విల్లుకు పసుపు పెడతావో నువ్వే చెప్పు బావా. నాకు చెప్పు. అక్కకు కాదు, స్తంభానికి కాదు.”

“దేవేంద్రప్పా, నువ్వు పోగుకు తగిలేట్టు ఒకసారి లాగి చూపీ. పిల్లోడు చూసి నేర్చుకుంటాడు,” అన్నారు వెనకనుంచి ఎవరో. ఎగతాళికి అన్నారో, మంచికే అన్నారో తెలియదు.

బావ తన విల్లు తీసుకున్నాడు. ఎడమచేయి చాచాడు. కుడిచేయి తాడుమీద వేసి లాగాడు. మోచేయి రొమ్ముదాకా లేచింది. అక్కడ ఆగింది. ఆయన పెదవి కొరికి ఇంకోసారి లాగాడు. మళ్ళీ అక్కడే ఆగింది. మెల్లగా తాడు వదిలి, విల్లును మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

ఎవరిదో బీడీ వేళ్ళదాకా కాలి కిందపడింది. మద్దమ్మ చేతిలోని వీసె రాయి గంపలో పెట్టాలని కూడా మరిచిపోయింది. నేను అడిగిన మాటను వెనక్కి తీసుకోవాలనిపించింది, పరువుగల మనిషిని అందరిముందూ ఇట్లా నిలబెట్టానే అని. అయినా కదలలేదు. నాకు బదులు కావాలి. మహానంది ఒకసారి “అమ్మా” అన్నాడు. నేను వాడివైపు చూడలేదు. స్తంభం నీడ బావ పాదాలమీదినుంచి జరిగి పక్క బండమీదికి పోయింది. ఆయన అంతసేపూ తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని కూర్చునే ఉన్నాడు.

చివరికి పసుపు గిన్నె తీసుకుని లేచాడు. దూలానికి వేలాడుతున్న పాత విల్లును దాటుకుని పోయి, మహానంది చేతిలోని కొత్త వింటికి, పట్టు దగ్గర, నిండుగా పసుపు పూశాడు. తర్వాత నా ముఖంలోకి చూసి అన్నాడు:

“మూడేండ్లాయ హంపమ్మా, ఈ చేయి పైకి లేసి. మీ అక్కకు కూడా చెప్పల్యా. మద్దమ్మ మరిదికి తొడ చీలిన నాడు మొదటి అమ్ము వదలాల్సింది నేను. వదల్యాకపోతి. రేపు సందుకు నేరుగా నా చోట వాడు నిలబడతాడు. ఈ విల్లుతోనే.”